మణికట్టు మీద ఎర్ర గీత పడకుండా: ల్యాప్‌టాప్ అంచును పరీక్షించడం, సరిచేసుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లినవారు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని అడుగుతారు. ముందు అంచు ఎలా ఉందని అడిగేవారు అరుదు. రోజంతా చేతులు ఆనేది దాని మీదే. అట్టపెట్టె మీద మాత్రం ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు.

తిరుపతిలో ఇది చాలామందికి పనికొచ్చే విషయం. 1954లో మొదలైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటి, ఐసర్. ఇన్ని ఉన్నచోట ల్యాప్‌టాప్ ముందు పొద్దు గడిపేవారికి కొదవేముంది? నాది డీటీపీ పని. సిద్ధాంత గ్రంథాలకు పేజీలు కట్టించుకోవడానికి వచ్చే పరిశోధక విద్యార్థుల మణికట్ల మీద అడ్డంగా ఎర్రటి గీత చూడడం నాకు మామూలైపోయింది. అడిగితే ‘ఎక్కువ టైపు చేశాను కదండీ’ అంటారు. టైపు చేస్తే వేళ్లు నొప్పి పుట్టాలి గానీ మణికట్టు మీద గీత ఎందుకు పడుతుంది?

కొనబోయేవారికి, కొనేసి ఇబ్బంది పడుతున్నవారికి, ఇద్దరికీ ఇందులో పని ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. అంచు ఎంత పదునుగా ఉందన్నది సగం సంగతి. దాని మీద మీ చేతి బరువు ఎంత పడుతోందన్నది మిగతా సగం. మొదటిది కొనేటప్పుడు తేల్చుకోవాలి, రెండోది ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు.

ముందు గీత ఎక్కడుందో చూడండి

రోజూ ఎక్కడ కూర్చుని పని చేస్తారో అక్కడే కూర్చోండి. గడియారం, గాజులు, కట్టుకున్న తాయెత్తు దారం తీసేయండి. మామూలుగా ఎలా టైపు చేస్తారో అలాగే ఒక పావుగంట చేయండి. పరీక్ష కదా అని నిటారుగా కూర్చోవద్దు. పావుగంట అయ్యాక చేతులు వెల్లకిలా తిప్పి చూడండి.

గీత సరిగ్గా మణికట్టు మడత మీదో, దానికి ఒక అంగుళం ఇటోఅటో ఉంటే అది ల్యాప్‌టాప్ ముందు అంచు పని. అరచేతి కింది భాగంలో, కండ మందంగా ఉన్నచోట పడితే పెద్దగా భయపడనక్కర్లేదు. అక్కడ ఒత్తిడిని తట్టుకునే మెత్తదనం ఉంది. ముంజేతి మధ్యలో పడితే దోషం ల్యాప్‌టాప్‌ది కాదు, బల్లది. బల్ల అంచుకు చేతులు ఆనించి ల్యాప్‌టాప్‌ను తిట్టుకునేవారు చాలామందే ఉన్నారు.

మణికట్టు దగ్గర గీతను ఎందుకు పట్టించుకోవాలంటే, అక్కడ చర్మం కింద ఒక ఇరుకైన దారి ఉంది. వేళ్లను ముడిచే 9 కండరపు తాళ్లు, వాటితో పాటు మీడియన్ నరం అందులోంచే అరచేతిలోకి వెళ్తాయి. బొటనవేలికి, చూపుడు వేలికి, మధ్య వేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శ తెలిసేది ఆ నరం వల్లే. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో మిగతా సగానికి అల్నార్ నరం పని చేస్తుంది. అందుకని ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో గమనించండి. మొదటి మూడు వేళ్లయితే మణికట్టు మధ్యభాగాన్ని అనుమానించాలి. చిటికెన వేలు మొద్దుబారుతుంటే మణికట్టుకు చిటికెన వేలి వైపు అంచు ఒత్తుతూ ఉండవచ్చు, లేదా మోచేతిని బల్ల మీద గట్టిగా ఆనిస్తూ ఉండవచ్చు. అదే నరం మోచేతి వెనకగా పోతుంది మరి.

రాత్రి నిద్రలో తిమ్మిరికి మెలకువ వస్తున్నా, గ్లాసు పట్టుకుంటే జారిపోతున్నా ల్యాప్‌టాప్ మార్చడం గురించి ఆలోచించడం ఆపి వైద్యుణ్ని కలవండి. నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష ఉంది. మన వైపు చేతి బాధ ఏదైనా సరే పుత్తూరు కట్టు వేయించుకు రమ్మనే పెద్దలు ఇంటికొకరు ఉంటారు. ఆ కట్టుకు పేరు వచ్చింది విరిగిన ఎముకల విషయంలో. నలిగిన నరాన్ని ఇంకా బిగించి కట్టడం వల్ల మేలు జరగదు.

ఇక ఒత్తిడి లెక్క. మణికట్టు దగ్గర అర కిలో బరువు ఆనుతోందనుకుందాం. అంచు పదునుగా ఉండి, 4 సెంటీమీటర్ల పొడవున ఒక మిల్లీమీటరు వెడల్పు మాత్రమే చర్మానికి తగిలితే, ఆ అర కిలో అంతా 0.4 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. చదరపు సెంటీమీటరుకు కిలోంబావు. అదే చేయి ఒక సెంటీమీటరు వెడల్పు మేర ఆనితే చదరపు సెంటీమీటరుకు 125 గ్రాములు. చేయి అదే, బరువు అదే, బాధ మాత్రం పదో వంతు. ఇకపై చెప్పే పనులన్నీ ఈ లెక్కలో ఏదో ఒక అంకెను మార్చడానికే: వెడల్పు పెంచడం, బరువు తగ్గించడం.

అంచు రకం గుర్తుపట్టడం

ఇళ్లు కట్టించినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వంటింటి గట్టుకు గ్రానైటు పలక వేసే మేస్త్రీ కోసిన అంచును కోసినట్టే వదిలేయడు. గుండ్రంగా అరగదీయించి పాలిష్ పట్టిస్తాడు. లేకపోతే గట్టుకు ఆనుకుని కూర తరిగేవారి ముంజేయి రెండు రోజుల్లో ఆ సంగతి చెబుతుంది. కుప్పం వైపు గ్రానైటు పరిశ్రమ ఉంది కాబట్టి మనకు ఈ తేడా కళ్ల ముందుదే. ల్యాప్‌టాప్ తయారీదారులలో కొందరు మాత్రం కోసిన అంచునే అందమనుకున్నారు.

2008లో యాపిల్ సంస్థ ఒకే అల్యూమినియం దిమ్మెను యంత్రంతో తొలిచి మాక్‌బుక్ ఒళ్లు తయారు చేసే పద్ధతి తెచ్చింది. గట్టిదనం వచ్చింది, అతుకులు పోయాయి, చూడడానికి ముచ్చటగా ఉంది. ఆ తర్వాత లోహపు ఒంటితో చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. యంత్రం కోసిన లోహానికి పై తలం, పక్క తలం కలిసేచోట సన్నని గీతలాంటి మూల ఏర్పడుతుంది. ఫొటోలో మెరిసేది అదే, మణికట్టును కోసేదీ అదే.

కొన్నిటిలో ఆ మూలను ఏటవాలుగా చెక్కి మెరిసే పట్టీలా వదులుతారు. దీన్ని చూసి మోసపోవద్దు. పట్టీ వెడల్పుగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటే నిజంగానే ఉపశమనం. వెంట్రుకంత సన్నగా ఉంటే అది అలంకారం. ఒక మూల పోయి రెండు మూలలు వచ్చాయంతే.

గుండ్రటి అంచు తక్కువ ధర ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌లలోనే ఎక్కువగా కనబడడం నాకు భలే సరదాగా ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో సాఫీగా పారాలంటే మూలలు కాస్త గుండ్రంగా ఉండడం తయారీకే మేలు. ఆ విధంగా లక్షన్నర పెట్టి కొన్నవారి కంటే ముప్పైవేలు పెట్టి కొన్నవారి మణికట్టు సుఖంగా ఉండే సందర్భాలున్నాయి. ప్లాస్టిక్‌కు వేరే తంటా ఉంది. పై ముక్క, కింది ముక్క కలిసే అతుకు దగ్గర సన్నటి పొలుకు, అంటే పైకి పొడుచుకొచ్చిన గరుకు మొన, మిగిలిపోతుంది. అది గీరుతుంది.

ఎత్తు కూడా చూడాలి. మాక్‌బుక్ ఎయిర్‌లో ఎం1 మోడలు ముందు వైపు 0.41 సెంటీమీటర్లు, వెనక 1.61 సెంటీమీటర్లు. కత్తిపీట మీద పెట్టి చెక్కినట్టు ముందుకు వాలి ఉండేది. 2022లో వచ్చిన ఎం2 మోడలు అంతటా ఒకే మందం, 1.13 సెంటీమీటర్లు. మొత్తం మీద పలచబడింది, కానీ చేయి ఎక్కాల్సిన ముందు మెట్టు పెరిగింది. ముందు మెట్టు ఎంత తక్కువ ఎత్తులో ఉంటే ముంజేయి బల్ల మీంచి అంత సులువుగా దాని మీదికి జారుతుంది. రెండు సెంటీమీటర్లకు పైన మందం ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో అంచు సరిగ్గా మణికట్టుకు తగిలే ఎత్తున నిలబడుతుంది. పదును కొంచెమే ఉన్నా అక్కడ బాధ ఎక్కువ.

ముందు అంచు మధ్యలో, మూత తెరవడానికి వేలు పెట్టే చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటకు రెండు చివర్లా ఉండే మొనలు చాలా మోడళ్లలో మొత్తం ల్యాప్‌టాప్‌లోకెల్లా పదునైనవి. మామూలుగా చేయి అక్కడికి రాదు. టచ్‌ప్యాడ్‌ను బొటనవేలితో వాడే అలవాటుంటే వస్తుంది.

దుకాణంలో ఏం చేయాలి

గాంధీ రోడ్డులో అయినా, ఎయిర్ బైపాస్ రోడ్డులో అయినా షోరూముల్లో ల్యాప్‌టాప్‌లను నిలబడి చూసే ఎత్తున పెడతారు. నిలబడి వాడినప్పుడు చేతులు పై నుంచి కిందికి దిగుతాయి, మణికట్టు అంచును తాకనే తాకదు. అందుకే షోరూములో ప్రతి ల్యాప్‌టాపూ సుఖంగానే ఉంటుంది. ‘అన్నా, ఒక కుర్చీ, మామూలు బల్ల ఇప్పిస్తారా, కూర్చుని చూడాలి’ అని అడగండి. బిల్లు రాసే బల్ల దగ్గరైనా చోటు ఇస్తారు. కుదరదంటే తలుపు తీసే ఉంది.

ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌కు కొన్నిసార్లు అరచేయి ఆనేచోట పలచటి ప్లాస్టిక్ పొర అంటించే ఉంటుంది. అది అంచు మీదికి మడిచి ఉంటే అసలు పదును తెలియదు. తీయించి చూడండి. పొట్టి చేతుల చొక్కా వేసుకుని వెళ్లడం మంచిది. కూర్చుని, నోట్‌ప్యాడ్ తెరిచి ఏదో ఒకటి ఐదు నిమిషాలు ఆపకుండా టైపు చేయండి. అమ్మేవారు పక్కన నిలబడి ఫీచర్లు చదువుతూ ఉంటారు. తల ఊపుతూ మీ పని మీరు కానివ్వండి.

తర్వాత దూది. జేబులో చిన్న దూది ముక్క తీసుకెళ్లమంటే నవ్వకండి, లోహపు పని చేసేవారు పొలుకు పట్టుకోవడానికి వాడే ఉపాయమే ఇది. దూదిని రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని ముందు అంచు పొడవునా నెమ్మదిగా లాగండి. తర్వాత మూత అంచు, పక్కల అతుకు, అడుగున మూల, చివరగా వేలు పెట్టే గుంట. పోగు ఎక్కడైనా పట్టుకుని సాగితే అక్కడ కంటికి కనబడని పొలుకు ఉన్నట్టు. వేలితో తడిమితే తప్పిపోయేది దూదికి దొరుకుతుంది. రెండు సందర్భాలను వేరుగా చూడండి. ఒకచోట మాత్రమే పొలుకు ఉంటే అది ఆ ఒక్క యంత్రంలోని లోపం, అదే మోడలులో ఇంకొకటి తీయించుకోండి. దూది ఎక్కడా చిక్కకుండా అంచు అంతటా మణికట్టుకు గుచ్చుకుంటుంటే అది డిజైనే అంత. ఇంకొకటి తీయించినా అలాగే ఉంటుంది, మోడలే మార్చాలి.

మూత ఒక్క వేలితో తెరిచి చూడండి. కీలు మరీ బిగుతుగా ఉంటే మూతతో పాటు కింది భాగం కూడా లేస్తుంది. వేలికి పట్టు దొరక్క గోరుతో లేపాల్సి వస్తే, రోజుకు పదిసార్లు ఆ తంటా ఉంటుందని లెక్కేసుకోండి.

పక్క అంచుల మీద రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడడం ఇక్కడే తేల్చుకోవలసిన పని. కుడి పక్క ముందు భాగంలో యూఎస్‌బీ రంధ్రం ఉంటే, అందులో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడల్లా మౌస్ పట్టుకున్న చేయి దానికి తగులుతుంది. ఛార్జింగు తీగ ఏ వైపు వస్తుందో, మీ ఇంట్లో స్విచ్‌బోర్డు బల్లకు ఏ వైపు ఉందో పోల్చుకోండి. రెండు వైపులా ఛార్జింగు పెట్టుకునే వీలుంటే ఆ గొడవే లేదు.

ఆన్‌లైన్‌లో కొనేవారు దూది పట్టుకుని చూడలేరు కాబట్టి పక్క నుంచి తీసిన ఫొటోను పెద్దది చేసి చూడాలి. వెలుగు సన్నటి తెల్లని గీతలా అంచు మీద నిలిచి ఉంటే మూల పదునుగా ఉన్నట్టు. వెలుగు క్రమంగా నీడలోకి కరిగిపోతే గుండ్రంగా ఉన్నట్టు. వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో కొనే ముందే చదివి, ఆ గడువులోనే పావుగంట పరీక్ష చేసేయండి.

ఇంట్లో ఎత్తులు సరిచేయడం

ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే. మన ఇళ్లలో చదువుకునే బల్లలు, భోజనాల బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. కుర్చీలో కూర్చుని భుజాలు వదులు చేసి, మోచేతిని లంబకోణంలో వంచి, నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలవండి. పొట్టిగా ఉన్నవారికి ఆ కొలత బల్ల ఎత్తు కంటే బాగా తక్కువ వస్తుంది. బల్లకు ల్యాప్‌టాప్ మందం కూడా కలుస్తుంది. అప్పుడు చేయి కిందనుంచి పైకి ఎక్కాలి, ఎక్కేదారిలో మెట్టులా అంచు. బరువంతా దాని మీదే.

బల్ల కాళ్లు కోయలేరు కాబట్టి కుర్చీ ఎత్తు పెంచండి. గట్టి దిండు వేసుకున్నా సరిపోతుంది. మోచేయి కీబోర్డు ఎత్తుకో, పిసరంత పైకో రావాలి. కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేసుకోండి. ఎత్తు కుదిరాక పావుగంట పరీక్ష మళ్లీ చేయండి. చాలామందికి గీత ఇక్కడితోనే పోతుంది, మిగతా వ్యాసంతో పని ఉండదు.

గీత ఇంకా పడుతుంటే ల్యాప్‌టాప్‌ను బల్ల మీద ఇంకాస్త లోపలికి నెట్టండి. ముంజేయి సగం బల్ల మీద ఆనితే మణికట్టు మీద భారం తగ్గుతుంది. బల్ల అంచు గాజుదో, గుండ్రం చేయని రాయిదో అయితే గీత అక్కడికి మారుతుంది. మడిచిన తువ్వాలు బల్ల అంచు మీద వేసుకుంటే చాలు. ల్యాప్‌టాప్ మీద మాత్రం తువ్వాలు వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

వేడి తగ్గుతుందని వెనక వైపు రెండు పుస్తకాలు పెట్టి ల్యాప్‌టాప్‌ను ముందుకు వాల్చేవారున్నారు. గాలి ఆడుతుంది, నిజమే. కానీ మణికట్టు వెనక్కి విరుగుతుంది, చేయి జారి బరువు ముందు అంచు మీదికి చేరుతుంది. నేల మీద కూర్చుని రాసుకునే పాతకాలపు వాలు డెస్కుదీ ఇదే చిక్కు. కలానికి ఆ వాలు సరిపోయింది, కీబోర్డుకు పనికిరాదు. నేల మీద కూర్చునే అలవాటుంటే చదునుగా ఉండే చిన్న బల్ల వాడండి. బాసింపట్టు వేసుకున్నప్పుడు మోకాళ్ల మీదుగా సరిపోయే ఎత్తు ఉంటే మేలు.

బాలాజీ కాలనీ వైపు గదులు తీసుకుని ఉండే విద్యార్థులు మంచం మీద, ఒళ్లోనే పని కానిస్తారు. ఒళ్లో పెట్టుకున్నప్పుడు బాధించేది ముందు అంచు కాదు. తెరను వెనక్కి వంచగానే బరువు వెనక్కి పోయి, అడుగున వెనక మూల తొడలో దిగుతుంది. పైగా గాలి రంధ్రాలు దుప్పటితో మూసుకుపోతాయి. పరీక్షలకు వాడే అట్ట ఒకటి కింద పెట్టుకుంటే రెండూ తీరతాయి.

టైపు చేస్తున్నంతసేపూ మణికట్టు ఆనించి ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వేళ్లు కదులుతున్నప్పుడు చేయి తేలుతూ ఉండాలి. ఆలోచించడానికి ఆగినప్పుడు ఆనించుకోండి, అదీ అరచేతి కండ భాగాన్ని. తెలుగు టైపు చేసేవారికి ఇది కొంచెం కష్టమే. కొన్ని అక్షరాలకు షిఫ్ట్ మీటను పదేపదే నొక్కాలి కాబట్టి చిటికెన వేలు చాచడానికి మణికట్టును ఇరుసుగా వాడుకుంటాం. వేలు చాచే బదులు చేతినే కాస్త జరపడం నేర్చుకుంటే నయం.

రోజుకు నాలుగైదు గంటలు దాటి టైపు చేసేవారికి నేను ఒక్కటే చెబుతాను: విడి కీబోర్డు కొనుక్కోండి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెడితే మెడకూ సుఖం. అప్పుడు అంచు పదునో మొద్దో ఎవరికి కావాలి?

అంచు జివ్వుమంటుంటే

లోహపు ల్యాప్‌టాప్‌ను ఛార్జింగులో పెట్టి, అంచు మీద చేతిని తేలిగ్గా రాస్తే సన్నగా జివ్వుమన్నట్టు, గరుకుగా ఉన్నట్టు అనిపిస్తుంది. చాలామంది దీన్ని అంచు గరుకుదనం అనుకుంటారు. ఛార్జరు తీసి చూడండి. గరుకుదనం మాయమైతే అది లీకేజీ కరెంటు. ఛార్జరు లోపల రేడియో గోల తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ గుండా అతి స్వల్పంగా కరెంటు లోహపు ఒంటికి చేరుతుంది. ఎర్తింగు ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే మీ చేతి గుండా పోవాలని చూస్తుంది. వెడల్పుగా ఆనిన చోట కంటే సన్నటి అంచు దగ్గరే ఇది బాగా తెలుస్తుంది.

మూడు పిన్నుల తీగను రెండు పిన్నుల కన్వర్టరుతో వాడుతుంటే ముందు దాన్ని తీసేయండి. మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టినా జివ్వుమంటుంటే గోడలో ఎర్తు తీగ అసలు లేదేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో, అద్దె గదుల్లో మూడో రంధ్రం ఉత్తుత్తిదే అయిన సందర్భాలు తక్కువేమీ కాదు. జివ్వుమనడం దాటి కొట్టినట్టు అనిపిస్తే ఆ ఛార్జరును ఇంకొక్కసారి కూడా వాడవద్దు.

మే నెలలో లోహపు అంచు కాలినట్టుండడం వేరే సంగతి. అల్యూమినియం ప్లాస్టిక్ కంటే వెయ్యి రెట్ల దరిదాపుల్లో వేడిని మోస్తుంది. లోపలి వేడి అంచుదాకా వచ్చేస్తుంది, అంతే. ఫ్యాన్ గాలి తగిలేచోటికి జరపడం తప్ప చేసేది పెద్దగా లేదు.

మూలలు, సంచి, చెమట

సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి తిరిగేవారి ల్యాప్‌టాప్‌లను చూడండి, మూలలే ముందు దెబ్బ తింటాయి. సంచిని నేల మీద దించినప్పుడు బరువంతా కింది మూల మీద పడుతుంది. అల్యూమినియం మూల నొక్కుకుపోతే గుంట పక్కన లోహం పైకి లేచి బ్లేడులా తయారవుతుంది. అడుగున రెండు వేళ్ల మందాన నురుగు పట్టీ ఉన్న సంచి తీసుకోండి. లేదా పాత తువ్వాలును మడిచి సంచి అడుగున వేయండి.

తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఒక ముందు మూల పట్టుకుని ఒంటి చేత్తో ఎత్తవద్దు. పలచటి అంచు వేళ్లను కోస్తుంది, లోపల ఒళ్లు మెలి తిరుగుతుంది. మూసి, రెండు చేతులతో ఎత్తండి.

చెమట చేతులవారు వారానికోసారి అంచును కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పు పై పూత లేచిపోయిన చోట అల్యూమినియంను తిని చిన్న చిన్న గుంటలు పెడుతుంది. ఆ గుంటల అంచులూ గీరుతాయి.

అంటించి చూడండి

మందుల దుకాణంలో దొరికే కాగితపు సర్జికల్ టేపు ఒక చుట్ట తెచ్చుకోండి. ముందు అంచును పొడిగా తుడిచి, టేపును నిలువు ముఖం మీద అంటించి, పైకి మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే మడవండి. మూత మూసి చూడండి, ఏ ఒత్తిడీ లేకుండా ఎప్పటిలా మూసుకోవాలి. ఎండాకాలంలో జిగురు కారుతుంది కాబట్టి వారానికోసారి మార్చాలి. అందం పోతుందనుకుంటే ఇంట్లో ఉన్నప్పుడే అంటించుకోండి. ఆటలాడేవారు మణికట్టుకు వేసుకునే తువ్వాలు పట్టీ కూడా పనిచేస్తుంది, దాన్ని ల్యాప్‌టాప్‌కు కాక చేతికే వేసుకుంటారు కాబట్టి ఎక్కడికి వెళ్లినా వెంటే ఉంటుంది.

మందపాటి స్పాంజి పట్టీలు, మడిచిన గుడ్డలు కీబోర్డు పక్కన పెట్టవద్దన్నది ఇందుకే: మరచిపోయి మూత మూస్తే తెర పగులుతుంది. మూతకూ కింది భాగానికీ మధ్య ఖాళీ అంత తక్కువ. కెమెరా మీద అంటించే చిన్న ప్లాస్టిక్ మూతతో మాక్‌బుక్ మూస్తే తెర దెబ్బతినవచ్చని యాపిల్ 2020లో హెచ్చరించింది కూడా.

గాజులు వేసుకునేవారు టైపు చేసేటప్పుడు వాటిని ముంజేతి పైకి జరుపుకోవాలి. అంచుకీ మణికట్టుకీ మధ్య గాజు ఇరుక్కుంటే అంతకంటే పదునైన అంచు ఉండదు.

అరగదీయడం, అన్నీ అయ్యాకే

ఆకురాయితో అంచు అరగదీసుకున్నవాళ్లున్నారు. నేను దీన్ని చివర పెట్టింది ఊరికే కాదు. ముందు ఒళ్లు దేనితో చేసిందో తెలుసుకోండి. తేలిక ల్యాప్‌టాప్‌లలో కొన్నిటిని మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు. మెగ్నీషియం పొడికి నిప్పు రవ్వ తగిలితే భగ్గుమంటుంది, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. కార్బన్ ఫైబర్ పొడి చర్మంలో, ఊపిరితిత్తుల్లో గుచ్చుకుంటుంది. ఈ రెండింటినీ ముట్టుకోవద్దు. వారంటీ మిగిలి ఉన్నదాన్నీ, అద్దెకు తెచ్చినదాన్నీ, ఆఫీసుదాన్నీ కూడా.

మిగిలింది ప్లాస్టిక్, అల్యూమినియం. ప్లాస్టిక్ అతుకు మీది పొలుకు తీయాలంటే 600 నంబరు ఎమరీ కాగితం చిన్న ముక్కతో నాలుగైదు సార్లు తేలిగ్గా రాస్తే పోతుంది. అల్యూమినియం అయితే రంగు పూత పోయి తెల్లటి లోహం బయటపడుతుందని ముందే ఒప్పుకోవాలి. అది తిరిగి రాదు. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జరు తీసేసి, మూత మూసి చుట్టూ టేపు వేయండి. రంధ్రాలు, స్పీకరు జాలీ, అడుగున గాలి సందులు అన్నీ టేపుతో మూయండి. అల్యూమినియం పొడి కరెంటును మోస్తుంది, ఒక్క రేణువు లోపలికి పోయినా షార్టు కావచ్చు. అరగదీసే అంచు నేల వైపు ఉండేలా పట్టుకుంటే పొడి కిందికే రాలుతుంది. అరచేయి ఆనేచోట కిందనే చాలా మోడళ్లలో బ్యాటరీ ఉంటుంది, అందుచేత అక్కడ అదిమి పట్టవద్దు. బిగించే పట్టకారులో పెట్టడం అసలే వద్దు.

400 నంబరు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, ఒకే దిశలో, పొడవునా, నెమ్మదిగా. మూల విరిగితే చాలు, అర మిల్లీమీటరు కంటే లోతుకు పోనక్కర్లేదు. తర్వాత 800, ఆ పైన 1200. మధ్యమధ్య దూదితో పరీక్షించండి. పోగు చిక్కడం ఆగిన చోట ఆపేయండి. తడిగుడ్డతో పొడి అంతా తుడిచి, మెత్తటి బ్రష్షుతో సందులు దులిపి, అప్పుడు మాత్రమే టేపులు తీయాలి. ముందు తీస్తే టేపు మీద పేరుకున్న పొడి నేరుగా రంధ్రాల్లోకి జారుతుంది.